సభ్యుల పట్టికలను వెబ్ అప్లికేషనులోనికి ఎక్కించుటలో జాగ్రత్తలు

మన సంఘములలో పెక్కింటి లెక్కలు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నవి. ఒకటి కార్యదర్శి బల్లమీది రిజిస్టరు. రెండవది దానిని చూచి చదువుకొన్న పిల్లలు ఎక్సెల్‌లో కొట్టిన పట్టిక. ఆ పట్టికను ఫైలుగా వెబ్ అప్లికేషనులోనికి ఎక్కించితే నూరుమంది వివరములు ఒక్క నిమిషములో చేరును. సౌకర్యము గొప్పదే. కాని అందులో ఒక్క అంకె తప్పినా ఆగిపోవునది నేతగాని కూలి డబ్బు. గనుక కార్యదర్శులే కాక కుటుంబములవారందరు ఈ సంగతులు తెలిసికొనుట మంచిది.

మొదట నూలు సంగతి. 2/60 అనగా అరవయ్యో నంబరు నూలు, రెండు పోగులు కలిపి పురిపెట్టినది. మన ఇండ్లలో బడికి పోయే పిల్లకైనా ఇది తెలియును, ఎక్సెల్‌కు తెలియదు. గడిలో 2/60 అని కొట్టగానే అది 1960 ఫిబ్రవరి అనుకొని ‘ఫిబ్-60’ అని మార్చివేయును. 2/80 కొట్టితే 1980 ఫిబ్రవరి. 2/120 మాత్రము, అటువంటి సంవత్సరము దాని లెక్కలో లేదు గనుక, వ్రాసినట్లే నిలుచును. ఈ విధముగా కొన్ని వరుసలు సరిగాను, కొన్ని తప్పుగాను ఉండి చూచువారి కన్ను మోసపోవును. వెబ్ అప్లికేషను ఫైలులో ఉన్నదే తీసికొనును. ఇండెంటులో నూలు నంబరుకు బదులు తేదీ పడితే ఏ చిలపలు ఇవ్వవలెనో డిపోవారికి ఎట్లు తెలియును?

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. మానవ జన్యువులకు పేర్లు పెట్టు అంతర్జాతీయ సంఘమువారు, మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లు ఎక్సెల్‌లో తేదీలుగా మారుచున్నందున, 2020లో ఆ పేర్లనే మార్చిరి. వారికి అది సాధ్యమైనది. మనము నూలు నంబరు మార్చుకొనలేము గదా!

ఖాతా నంబరు మొదట సున్న ఉంటే ఎక్సెల్ దానిని తీసివేయును. పదహారంకెల నంబరైతే చివరి అంకెను సున్న చేయును, ఏలయన పదిహేనుకు మించి అది నిలుపుకొనలేదు. పన్నెండంకెల ఆధారు నంబరును కుదించి ‘ఇ+11’ తోకతో చూపును; అట్లే సి.ఎస్.వి.గా దాచితే ఫైలులోనికి ఆ కుదించిన రూపమే పోవును. కాబట్టి కొట్టుటకు ముందే నూలు నంబరు, ఖాతా, ఆధారు నిలువు వరుసలను ‘టెక్స్ట్’గా నిర్ణయించవలెను. తరువాత చేసినందువలన పోయిన సున్న తిరిగి రాదు. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులో పదకొండు గుర్తులుండును, అయిదవది సున్న. అక్కడ ‘ఓ’ అక్షరము కొట్టువారు చాలమంది.

షోలాపూరులో రేషను కార్డు మరాఠీలో, సేలములో తమిళములో, బరంపురములో ఒడియాలో ఉండును. ఒకే ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగు విధములుగా వ్రాయబడును. పేరునుబట్టి మనిషిని గుర్తించుమని వెబ్ అప్లికేషనుకు చెప్పితే ఒకరు ఇద్దరగుదురు. సభ్యత్వపు నంబరునుబట్టియే గుర్తించునట్లు చూడవలెను. పేర్లు తెలుగులో ఉంటే ఫైలును ‘సి.ఎస్.వి. యు.టి.ఎఫ్-8’గా దాచవలెను, మామూలు సి.ఎస్.వి. అయితే అక్షరములన్ని ప్రశ్నార్థకములగును. తేదీలో సంవత్సరము ముందు వ్రాయుట మేలు. 3-4-2024 ఏప్రిలో మార్చియో యంత్రమునకు తెలియదు.

ముందు అయిదు వరుసలు మాత్రమే ఎక్కించి చూడవలెను. అంతయు ఎక్కించిన పిమ్మట సభ్యుల సంఖ్యను, నూలు కిలోల మొత్తమును రిజిస్టరుతో పోల్చవలెను. ఇంగ్లండులో 2020లో పాతరకపు ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టనందున 15,841 కరోనా కేసులు సకాలములో లెక్కకు రాలేదు. ఆ పని అంత పెద్ద ప్రభుత్వ శాఖవారు చేసినదే.

తరువాత ఆ జాబితాను అచ్చుతీసి, మొదటి చెల్లింపునకు ముందు ఒక వారము సంఘము గోడమీద పెట్టవలెను. ఎవరి వరుస వారు పాసుబుక్కుతో సరిచూచుకొందురు. ఆధారు నంబరు మాత్రము ఆ కాగితముపై వేయరాదు. ఖాతా నంబరులో చివరి నాలుగంకెలు, మొత్తము అంకెలు ఎన్నియో వేస్తే చాలును.