లూక్ సచ్చిపోతే కథ తప్పా?

ఇయ్యాల ముచ్చట స్టార్ వార్స్ ఇన్ఫినిటీస్. డార్క్ హార్స్ కంపెనీ 2001 నుంచి తెచ్చిన కామిక్స్. సినిమా కథల ఒక్క ఘటన మారితే ఏమైతదన్నదే వీటి లెక్క. 2002ల వచ్చిన దాంట్ల హోత్ మంచుల లూక్ సచ్చిపోతడు, యోడా దగ్గర లేయా విద్య నేర్చుకుంటది.

"ఇది సినిమాతో కలుస్తలేదు" అని ఫ్యాన్స్ లొల్లి. అరె, కలవొద్దనే కదా రాసింది! అడగాల్సింది వేరే: మిగతా కథ ఆ ఒక్క మార్పు నుంచే పుట్టిందా? లేయా కూడా అనాకిన్ బిడ్డే, ఫోర్స్ ఆమెల ముందే ఉంది. అందుకే నాకు నమ్మబుద్ధి అయితది. మూడోది అట్ల కాదు. జబ్బా కోటల సీ-త్రీపీఓ పాడైతది, ఆఖరికి వేడర్ బతికి తెల్ల కవచంల కనిపిస్తడు. రోబోకు, వేడర్‌కు లంకె ఏంది? నాకైతే పల్చగ అనిపించింది.

మనకిది కొత్త కాదు. మాయాబజార్ (1957) శశిరేఖ వ్యాస భారతంలో లేనే లేదు. అయినా అందులో ఘటోత్కచుడు ఘటోత్కచుని లెక్కనే ఉన్నడు, మనం ఒప్పుకున్నం.

2014ల లూకాస్‌ఫిల్మ్ పాత నవలలు, కామిక్స్‌కు లెజెండ్స్ ముద్ర వేసి పక్కన పెట్టింది. ఇన్ఫినిటీస్‌కు ఆ దెబ్బ తాకలే, అది మొదటి నుంచే అసలు కథకు బయట.