రేకుకూ రిజిస్టర్ నంబరు

చింతామణి నుంచి బెంగళూరు పోయే దారిలో హొసకోటె వస్తుంది కదా, పిల్లలూ! లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోపును అక్కడి క్రెస్ట్ కేంద్రం నుంచే ఉపగ్రహం ద్వారా నడుపుతారు. టెలిస్కోపు పట్టిన వెలుగును రంగులుగా విడదీసేది స్పెక్ట్రోగ్రాఫ్.

హవాయిలోని కెక్ టెలిస్కోపుకున్న డీమోస్ స్పెక్ట్రోగ్రాఫ్ ఒకేసారి వందకు పైగా గెలాక్సీలను చూడగలదు. ఎలాగంటారా? పలుచని అల్యూమినియం రేకులో ఒక్కో గెలాక్సీకి ఒక్కో సన్నని చీలిక కోస్తారు. దీన్నే మాస్క్ అంటారు (మూతికి కట్టుకునేది కాదండీ!). చీలిక వెడల్పు మిల్లీమీటరు లోపే. పట్టుకునే చట్రంలో రేకు అంతమాత్రం జరిగినా వెలుగు లోపలికి పోదు.

ఆకాశంలో ఒక చోటు కోసం కోసిన రేకు ఇంకోచోటికి పనికిరాదు. చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. తప్పు రేకు పెడితే ఆ రాత్రి శ్రమంతా వృథా. అందుకే మీకు పరీక్షలో రిజిస్టర్ నంబరున్నట్టు ప్రతి రేకుకూ బార్‌కోడ్. లోపల ఏ రేకు ఉందో యంత్రమే చదివి చెబుతుంది.