మంత్రి కుర్చీ నుంచి జడ్జి కుర్చీకి

నిన్నటిదాకా ఇంటింటికీ తిరిగి ఓట్లడిగిన మనిషి హైకోర్టు జడ్జి కావచ్చా? కావచ్చు. హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో గోపాలరావు ఎక్బోటే అనే వకీలు 1952 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున చాదర్‌ఘాట్ నుంచి గెలిచారు. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో విద్యాశాఖ చూశారు. వికారాబాద్ నుంచి గెలిచిన మర్రి చెన్నారెడ్డిదీ అదే మంత్రివర్గం. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. చెన్నారెడ్డి రాజకీయాల్లోనే ఉన్నారు. ఎక్బోటే హైకోర్టు జడ్జి అయి, 1972 నుంచి 1974 వరకు ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు.

రాజ్యాంగం 217వ అధికరణం అడిగేది పదేళ్ల వకాల్తా, లేదా పదేళ్లు న్యాయాధికారిగా చేసిన అనుభవం. పార్టీ జెండా మోశావా అని అడగదు. కానీ భయం, పక్షపాతం, రాగం, ద్వేషం లేకుండా పనిచేస్తానని ప్రమాణం చేయిస్తుంది. అంతటితో వదిలేయదు కూడా. తీర్పుకు కారణాలు రాసి చూపాలి, దాని మీద అప్పీలు ఉంటుంది. నచ్చని తీర్పు ఇచ్చాడని జడ్జిని ప్రభుత్వం ఇంటికి పంపలేదు.

ఇదంతా ఎందుకు అవసరమో తాండూరు చూసింది. 1966 చివర్లో చట్టం మారి, ఎన్నికల పిటిషన్లు ట్రిబ్యునళ్ల నుంచి నేరుగా హైకోర్టు చేతికి వచ్చాయి. మరుసటేడు చెన్నారెడ్డి తాండూరులో గెలిచి, కొద్ది రోజులకే కేంద్రంలో ఉక్కు శాఖ మంత్రి అయ్యారు. ఆ గెలుపును ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు హైకోర్టులో సవాలు చేశారు. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని 1968లో హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. కేంద్రమంత్రి పదవి పోయింది, ఆరేళ్లు పోటీకి అనర్హత పడింది. సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 1969 తెలంగాణ ఉద్యమాన్ని ముందుండి నడిపిన ఆ నాయకుడు 1971 లోక్‌సభ ఎన్నికల్లో తాను నిలబడలేకపోయారు.

ఇలాంటి కేసు పాత సహచర మంత్రి బెంచికే వస్తే? ఆ జడ్జి తప్పుకోవాలి, కేసు వేరొకరికి పోవాలి. పాత పరిచయం దాచకపోతే దీనికి పరిష్కారం ఉంది.

రాజకీయం తెలిసిన జడ్జి వల్ల నష్టమని నేననుకోను. కర్ణాటకకు చెందిన కె.ఎస్. హెగ్డే కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడిగా ఉండి 1957లో జడ్జి అయ్యారు. 1973లో, పార్లమెంటు రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దు పెట్టిన కేశవానంద భారతి కేసులో కాంగ్రెస్ ప్రభుత్వానికి నచ్చని తీర్పు వైపు నిలిచి, ప్రధాన న్యాయమూర్తి అయ్యే అవకాశాన్నే పోగొట్టుకున్నారు.

నాకు బాధ కలిగించేది తిరుగు ప్రయాణం. సుప్రీంకోర్టు జడ్జి బహరుల్ ఇస్లాం 1982 డిసెంబరులో బిహార్ కాంగ్రెస్ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రాకు అనుకూలంగా తీర్పు రాశారు. మరుసటి నెలలో సుప్రీంకోర్టుకు రాజీనామా ఇచ్చారు, అదే ఏడాది కాంగ్రెస్ తరఫున రాజ్యసభకు వెళ్లారు. తీర్పు సరైనదే కావచ్చు. నమ్మేవారు ఎందరు మిగులుతారు? మన కోకా సుబ్బారావు అంతటి న్యాయమూర్తి కూడా 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు దిగినప్పుడు విమర్శ తప్పలేదు.

అమెరికాలో ఫెడరల్ జడ్జి పదవి జీవితకాలం. మన దగ్గర హైకోర్టులో 62 ఏళ్లకే విరమణ, ఆ తర్వాత పోటీకి అడ్డు లేదు. కనీసం కొన్నేళ్లు ఆగాలని చట్టం చేయడం పార్లమెంటు చేతిలో పని.