మన్యపు రోగికి నిర్భయత్వము

చరకాచార్యుడు సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములును నాలుగే. స్మృతి, చెప్పినట్లు నడచుకొనుట, అభీరుత్వము అనగా భయము లేకుండుట, జ్ఞాపకత్వము అనగా తన బాధను తెలుపగలుగుట. గురుకులమున వీనిని వల్లె వేసితిమి. చివరి రెండు గుణములు రోగి వెంట తెచ్చుకొనునవి కావనియు, వైద్యుని ఎదుటనే అవి నిలుచుటయో నశించుటయో జరుగుననియు నాకు చాల ఆలస్యముగా తెలిసినది.

సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట పాడేరు ఎగువనున్న ఒక పల్లె నుండి కొండదొర స్త్రీ నొకామెను ఆమె అన్న విశాఖపట్నమునకు నా యొద్దకు తీసికొనివచ్చెను. కామెర్లు. మెడలో దిసారి, అనగా వారి పల్లె వైద్యుడు, కట్టిన త్రాడు ఉండెను. చూచి నవ్వితిని, తీసివేయించితిని. నేలఉసిరి రసమును మజ్జిగలో పుచ్చుకొనుమనియు, మజ్జిగ అన్నమే తినుమనియు, చోడి అంబలి మానుమనియు చెప్పితిని. "సరే బాబూ" అనిరి.

పండ్రెండు దినముల తరువాత ఆమెను మోసికొని వచ్చిరి. అంబలి మానివేసెను. మజ్జిగ ముట్టలేదు, కనుక మందును ముట్టలేదు. "ఆవు పాలు దూడవి కదా బాబూ, మా ఇళ్లల్లో పితకం" అని అన్న చెప్పెను. ముందే ఏల చెప్పలేదంటిని. "మీరు అప్పటికే కోపంగా ఉన్నారు" అనెను. ఆమె కోలుకొనుటకు రెండు నెలలు పట్టెను. రోగి సాత్మ్యమును, అనగా శరీరమునకు అలవడిన ఆహారవిహారములను, పరీక్షింపవలెనని విమానస్థానమున ఉన్నదే. చదివియు చేయలేదు.

న్యూజిలాండు దేశమున మావోరీలు ఈ దోషమునకు ఒక పేరు పెట్టిరి. ఇరిహపేటి రామ్స్‌డెన్ అను మావోరీ నర్సు 'సాంస్కృతిక భద్రత' అను భావమును బోధనాంశముగా తీర్చిదిద్దెను. 1992లో ఆ దేశపు నర్సింగు కౌన్సిలు దానిని నర్సుల శిక్షణలో చేర్చెను. చికిత్స భద్రముగా జరిగినదా లేదా అని తేల్చవలసినది వైద్యుడు కాదు, చికిత్స పొందినవాడు. ఇది దాని సారము. అన్యుల ఆచారముల పట్టికను కంఠస్థము చేయుటతో పని తీరదు. వైద్యుడు ముందు తన అలవాట్లను, తన అధికారమును పరీక్షించుకొనవలెను.

మన యొద్ద ఈ విషయము దూరదేశపు ముచ్చట కాదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. 2024లో అచ్చట ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. ఐనను పెద్ద వ్యాధి వచ్చినచో 100 కిలోమీటర్లకు పైబడి ఘాటు దిగి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి వచ్చువారు ఎందరో. రోడ్డు లేని పల్లెలవారిని డోలీలో మోయుట నేటికిని ఉన్నది. కోందులది కువి భాష, గదబలలో గుటోబు మాటలాడువారు కలరు, మరి కొందరిది ఆదివాసీ ఒడియా. అట్టివారు తెలుగున "సరే" అన్నంత మాత్రమున అర్థమైనదని తలపరాదు.

దిసారి ఏమి ఇచ్చెనో తప్పక అడుగవలెను, గద్దింపక అడుగవలెను. పరిహసింపబడిన రోగి నాటుమందును దాచును. దానిపై మనమిచ్చు మందు ఏమి చేయునో ఎవరికిని తెలియదు. ఓషధులను పేరుతోను రూపముతోను ఎరిగినవారు మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, వనచరులు అని చరకుడే అంగీకరించెను. అట్లని నాటువైద్యమంతయు మంచిదని నేననను. మన్యమున చలిజ్వరము వచ్చినచో మలేరియా రక్తపరీక్షకు ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. కామెర్లకును రక్తపరీక్ష అవసరమే.

మన పాఠకులు ఆసుపత్రి వార్డులో తమవారికి తోడుండునప్పుడు ప్రక్క మంచమున మన్యపు కుటుంబము ఉండవచ్చును. నర్సు చెప్పినది వారికి తెలిసినదో లేదో నెమ్మదిగా అడిగి, మరల చెప్పించుట మనకు సాధ్యమే. వయసున పెద్దవారిని "నువ్వు" అని పిలువకుడు. పరీక్ష కొరకు త్రాడు తీయవలసి వచ్చినచో కారణము చెప్పి, అనుమతి అడిగి, తీసినదానిని వారి చేతికే ఇయ్యవలెను.

నా యొద్దకు వచ్చువారిని ఇప్పుడు పథ్యము చెప్పుటకు ముందే "మీ ఇంట్లో ఏం తింటారు?" అని అడుగుచున్నాను. కామెర్లకు నేలఉసిరిని నీటితోనే ఇచ్చి, ఆకలి పుట్టగానే పలుచని చోడి అంబలి పోయుమనుచున్నాను.