నా పీసీలో లీటరు నీళ్లున్నాయి!

గ్లాసు తలుపు వెనక రంగురంగుల లైట్లు, మెలికలు తిరిగిన గొట్టాలు, వాటిలో నీలంగానో గులాబీగానో పారే నీళ్లు... ఇలాంటి కంప్యూటర్ల రీల్స్ మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. ఓ లైక్ కొట్టి పైకి జరిపేసి ఉంటారు. నేనూ చాలాకాలం అంతే చేశా. రెండేళ్ల కిందట మాత్రం అలాంటిదే ఒకటి సొంతంగా బిగించుకున్నా. షో కోసం కాదండోయ్! నాకు కడుపు నింపే పని ఆగిపోతోంది కాబట్టి.

విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటా. మేడ మీద అద్దె గది, నెత్తిన స్లాబు. మే నెల వచ్చిందంటే ముహూర్తాల హడావుడి. అదే నెలలో గదిలో 36, 38 డిగ్రీల వేడి. రాత్రి రెండర్ పెడితే పీసీలో ఫ్యాన్లు మిక్సీలా మోగేవి. పక్కనే పడుకున్న నాన్నకు నిద్ర ఉండేది కాదు. పోనీ పనైనా అయ్యేదా అంటే, జనవరిలో 44 నిమిషాల్లో పూర్తయ్యే రెండర్ మేలో గంట దగ్గరికి పాకేది. వీడియో ఒక్కరోజు లేటైతే ఆ పెళ్లివాళ్లు ఇంకో నలుగురికి మన పేరు చెప్పరు. మా పనిలో అసలు నష్టం అదే.

లక్షన్నర రూపాయల సామాను ఉన్న పెట్టెలో నీళ్లు పోయడానికి సిద్ధపడింది అందుకే. ‘కరెంటు దగ్గర నీళ్లేంట్రా?’ అని అమ్మ అడిగింది. సరైన ప్రశ్నే. జవాబు కోసం నాకు నెల రోజులు పట్టింది.

గాలి చాలట్లేదు

నా పీసీలో ఉన్నవి రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. పూర్తి లోడ్‌లో ప్రాసెసర్ 142 వాట్ల దాకా, కార్డు 320 వాట్ల దాకా కరెంటు లాగుతాయి. రెండూ కలిపితే 460 వాట్ల పైమాటే. లాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. అంటే 750 వాట్ల ఇస్త్రీపెట్టెలో సగం కంటే ఎక్కువ వేడి ఆ పెట్టెలో పుడుతోందన్నమాట.

ఈ ప్రాసెసర్‌కి 90 డిగ్రీలు గీత. అక్కడికి చేరగానే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మేలో నా రెండర్ నీరసపడింది దీనివల్లే.

మరి నీళ్లే ఎందుకు? ఒకే పరిమాణం తీసుకుంటే గాలి కన్నా నీళ్లు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోయగలవు. నిమిషానికి ఒక్క లీటరు పారితే చాలు, నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కేలోపు 70 వాట్లను మోసుకుపోతాయి. నా పంపు నిమిషానికి సుమారు మూడు లీటర్లు తిప్పుతుంది. అంటే ఆ 460 వాట్లూ మోయడానికి నీళ్లు అదనంగా వేడెక్కేది రెండు డిగ్రీల పైచిలుకే. ‘నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, కార్డుకి వెళ్లాలా’ అని జుట్టు పీక్కోనక్కర్లేదు. గొట్టాలు ఎటు తిప్పితే చక్కగా కుదురుతాయో అటే తిప్పుకోవచ్చు.

ఇదేం కొత్త ఐడియా కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్లను కరెంటు పారని ఓ ప్రత్యేక ద్రవంలోనే ముంచి ఉంచేవారు. 2004లో యాపిల్ కూడా పవర్ మ్యాక్ జీ5లో ఒక మోడల్‌ను ద్రవంతో చల్లబరిచే ఏర్పాటుతోనే అమ్మింది.

కుండ వేరు, లూప్ వేరు

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కుండలో నీళ్లు గది కంటే చల్లగా ఉంటాయి కదా, పీసీలో నీళ్లూ అంతేనేమో అనుకుంటారు. కుండ గోడల నుంచి నీళ్లు చెమర్చి, ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి. పీసీలో నీళ్లకు ఆవిరయ్యే దారే లేదు, అంతా బిగించిన గొట్టాలే. రేడియేటర్ ఆ నీళ్ల వేడిని గదిలోని గాలికి ఇస్తుంది. కాబట్టి గది 36 డిగ్రీలుంటే నీళ్లు 36 కంటే కిందికి దిగవు గాక దిగవు.

ఒకవేళ ఐసు లాంటిదేదో పెట్టి ఇంకా చల్లబరిచామే అనుకోండి. మన కోస్తా ఉక్కపోతలో కూల్‌డ్రింక్ సీసాకి బయట నీళ్లు పట్టినట్టు బోర్డు మీదా పడుతుంది. అదింకా ప్రమాదం.

మరో మాట. నీళ్లు పోసినంత మాత్రాన గదిలోకి వచ్చే వేడి తగ్గదు. ఆ 460 వాట్లూ గదిలోకే వస్తాయి. ‘ఇదే డబ్బుతో ఏసీ వస్తుంది కదా’ అని స్నేహితుడొకడు అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కాకపోతే నాది అద్దె గది, కరెంటు బిల్లు నెలనెలా నేనే కట్టాలి, రెండర్ రాత్రంతా నడవాలి. నా లెక్కలో నీళ్లే నెగ్గాయి. మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

ఏమేం కొన్నా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలుసుగా, అందరూ సీటీసీ అంటారు. కొన్ని అక్కడ తీసుకున్నా, మిగతావి ఆన్‌లైన్‌లో.

ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్, కార్డుకి ఇంకో బ్లాక్, 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు, డీ5 పంపు, దానికి ఆనించిన రిజర్వాయర్, గొట్టాలు, ఫిట్టింగులు. మొత్తం దాదాపు 55 వేలు అయ్యింది. బిల్లు చూసి కళ్లు తిరిగింది మాత్రం ఫిట్టింగుల దగ్గరే. ఒక్కోటి చిన్నదే, కానీ డజను దాటతాయి. బడ్జెట్ వేసేటప్పుడు అందరూ మర్చిపోయేది వీటినే.

కొనేముందు మూడు విషయాలు చూసుకోండి. మొదటిది, లోహాలు. బ్లాకులు రాగివైతే రేడియేటర్ కూడా రాగి, ఇత్తడిదే ఉండాలి. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో కలిస్తే అల్యూమినియం మెల్లగా తినేసుకుపోతుంది. రెండోది, కార్డు బ్లాక్. ఇది ఏ కార్డుకైనా సరిపోదు, మీ కార్డు కచ్చితమైన మోడల్ చూసే కొనాలి. మూడోది, వారంటీ. కార్డు కూలర్ విప్పితే కొన్ని కంపెనీలు పేచీ పెడతాయి. నేను వారంటీ గడువు ముగిశాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నా.

గొట్టాల్లో గట్టివీ ఉంటాయి, మెత్తవీ ఉంటాయి. రీల్స్‌లో మెరిసేవి గట్టివి. వాటిని హీట్‌గన్‌తో వేడిచేసి, లోపల సిలికాన్ తాడు పెట్టి వంచాలి. చూడ్డానికి అద్దంలా ఉంటాయి. కానీ ఏ పార్టు మార్చాలన్నా మళ్లీ కోసి, మళ్లీ వంచాలి. నాది పనిచేసే మెషిన్, మ్యూజియంలో బొమ్మ కాదు. అందుకే మెత్తని నల్ల రబ్బరు గొట్టాలే తీసుకున్నా.

నీళ్ల కన్నా ముందు వైర్లు

సగం పని నీళ్లది కాదు, వైర్లది! రేడియేటర్లు బిగించాక కేబినెట్‌లో చెయ్యి దూరదు. పై అంచున ఉండే ప్రాసెసర్ పవర్ వైరును అన్నిటికన్నా ముందు లాగి పెట్టేశా. తర్వాత 24 పిన్నుల మదర్‌బోర్డు వైరు, ఆ తర్వాత కార్డు వైర్లు, చివరికి ఫ్యాన్లవి. అన్నీ మదర్‌బోర్డు పళ్లెం వెనక నుంచే నడిపించా. ప్లాస్టిక్ ట్యాగులు ఒక్కసారి బిగిస్తే కోయాల్సిందే కాబట్టి ఎక్కువచోట్ల వెల్క్రో పట్టీలు వాడా. ఎదురుగా కనిపించే చోట వైర్లు పక్కపక్కనే వరసగా నిలిచేలా దువ్వెనల్లాంటి చిన్న క్లిప్పులు పెట్టా.

వైర్లు సర్దితే పీసీ పది డిగ్రీలు చల్లబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇప్పటి కేబినెట్లలో చాలా వైర్లు ఎలాగూ వెనకే ఉంటాయి, తేడా పెద్దగా రాదు. మరి ఇంత కష్టం ఎందుకంటే, నీళ్లున్న పెట్టెలో ఒక్క చుక్క కారినా అది వెంటనే కంటికి కనిపించాలి. వైర్ల గుట్ట ఉంటే ఆ చుక్క దాని వెనకే దాక్కుంటుంది. పైగా కారిన నీళ్లు వైరు వెంటే జారుతూ నేరుగా ప్లగ్గులోకి చేరతాయి. అందుకే ఏ ఫిట్టింగ్ కిందా ప్లగ్గు లేకుండా చూసుకున్నా. తప్పనిచోట వైరును ప్లగ్గు కంటే కిందికి ఓ వంపు తిప్పి పైకి తెచ్చా. చుక్క జారినా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇక్కడే ప్రాణం తీసే పొరపాటు ఒకటి పొంచి ఉంటుంది. అందమైన రంగు వైర్లు దొరికాయని ఒక ఎస్ఎంపీఎస్ వైర్లు తెచ్చి ఇంకో దానికి పెట్టకండి. మదర్‌బోర్డు వైపు పిన్నులు అందరివీ ఒకేలా ఉంటాయి. ఎస్ఎంపీఎస్ వైపు మాత్రం కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారిపోతాయి. ప్లగ్గు చక్కగా దూరుతుంది, ఆన్ చేయగానే హార్డ్‌డిస్కు మాడిపోతుంది. మీ మోడల్‌కే చేసినవని రాసి ఉంటేనే కొనండి.

ముందు గాలి, తర్వాత నీళ్లు

సైకిల్ పంక్చర్ షాపులో ట్యూబుకి గాలికొట్టి నీళ్ల తొట్టిలో ముంచుతారు కదా, ఇక్కడా ముందు గాలే. మీటరున్న చిన్న చేతి పంపుతో లూప్‌లోకి అర బార్ ఒత్తిడి దాకా గాలి కొట్టి అరగంట వదిలేశా. ముల్లు కదలకూడదు. నాది కదిలింది! ఒక్కో ఫిట్టింగ్ తడిమి చూస్తే, కొత్తగా వచ్చిన ఒకదానిలో రబ్బరు రింగు చీలి ఉంది. అదే నేరుగా నీళ్లు పోసి ఉంటే, ఆ చీలిక సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు పైన ఉంది. రింగు మార్చాక ముల్లు కదల్లేదు.

అప్పుడు నీళ్లు. బోరు నీళ్లు, మునిసిపాలిటీ నీళ్లు, ఆర్వో నీళ్లు ఏవీ పనికిరావు, వాటిలో లవణాలుంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నాచు పట్టకుండా, లోహం తినకుండా కాపాడే మందు కలిపి పోశా. రంగు కలపలేదు. రంగుల ద్రవాల్లో కొన్ని రోజులు గడిచేకొద్దీ పేరుకుని బ్లాకులోని సన్నటి గాళ్లలో అడ్డుపడతాయి.

ఈ దశలో మదర్‌బోర్డుకీ కార్డుకీ కరెంటు ఇవ్వకూడదు. 24 పిన్నుల ప్లగ్గుకి పెట్టే చిన్న బ్రిడ్జి ప్లగ్గు దొరుకుతుంది. దానితో ఎస్ఎంపీఎస్ ఆన్ చేసి పంపు ఒక్కటే తిప్పాలి. రిజర్వాయర్ ఖాళీ అవుతుంటే ఆపి నింపుతూ ఉండాలి. పంపు ఎండగా తిరిగితే పాడైపోతుంది. ఎందుకంటే దాని బేరింగుకి నూనె కూడా ఆ నీళ్లే. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ చుట్టి 24 గంటలు తిప్పా. కేబినెట్‌ని అటూ ఇటూ వంచితే బుడగలన్నీ బయటికొచ్చాయి. మర్నాడు ఒక్క టిష్యూ కూడా తడవలేదు. అమ్మ ప్రశ్నకు నా జవాబు ఆ పొడి టిష్యూలే.

ఫలితం ఎంత?

36 డిగ్రీల గదిలో పూర్తి లోడ్ మీద నీళ్లు 47 దగ్గర నిలబడ్డాయి. ప్రాసెసర్ 90 నుంచి 77కి, కార్డు 83 నుంచి 60కి దిగాయి. రెండర్ మేలో కూడా 44 నిమిషాలే! గమనించారా, జనవరి కంటే ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. నీళ్లు కొత్త వేగం ఇవ్వవు, వేడికి పోగొట్టుకున్న వేగాన్నే తిరిగిస్తాయి.

రెండో లాభం నిశ్శబ్దం. లీటరు నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని బట్టి కాకుండా నీళ్ల వేడిని బట్టి తిరిగేలా పెట్టా. క్షణానికోసారి పెరిగి తగ్గే మోత పోయింది. నాన్న పక్కనే హాయిగా గురకపెడుతున్నారు. ఇప్పుడు గదిలో వినిపించేది అదొక్కటే!

మీరూ చేయాలా?

గేమ్స్, చదువు, అప్పుడప్పుడూ ఎడిటింగ్... ఇంతవరకే అయితే వద్దు. మంచి ఎయిర్ కూలర్ చాలు. ఇంకాస్త కావాలంటే ఫ్యాక్టరీలోనే నింపి బిగించిన ఏఐవో లిక్విడ్ కూలర్ తీసుకోండి. కస్టమ్ లూప్‌కి పెట్టే డబ్బుని మెరుగైన కార్డుకి పెడితే మీకు ఎక్కువ లాభం. ఖర్చు అక్కడితో ఆగదు కూడా. ఏడాదికోసారి నీళ్లు మార్చాలి, రేడియేటర్ దుమ్ము దులపాలి. అంటే ఓ ఆదివారం పోయినట్టే.

రోజూ గంటల తరబడి పూర్తి లోడ్ మీద నడిపేవాళ్లు, గదిలో మోత భరించలేనివాళ్లు, పనులు తొందరపడకుండా చేసేవాళ్లు అయితే దిగండి. డబ్బు తక్కువైతే ముందు ప్రాసెసర్‌కి మాత్రమే లూప్ వేసుకుని, కార్డుని తర్వాత కలుపుకోవచ్చు. ఏం తగ్గించుకున్నా సరే, గాలి పరీక్షనీ, ఆ 24 గంటల టిష్యూ పరీక్షనీ మాత్రం తగ్గించకండి.