బదులు పలుకు బొమ్మలు

ప్రాచీన ఈజిప్టు సమాధులలో దొరకిన వస్తువులలో మిక్కిలి చిన్నవి, మిక్కిలి విస్తారమైనవి ఉషబ్తులు. సాధారణముగా జేనెడు పొడవు దాటని యీ బొమ్మలు పెద్ద ప్రదర్శనశాలల అద్దాల బీరువాలలో వరుసలు దీరి కనబడును. చూపరులు వీనిని దేవతా విగ్రహములని భ్రమింతురు. లేదా మృతుని ప్రతిమలని తలచి ముందునకు సాగుదురు. రెండవ తలపున కొంత నిజము లేకపోలేదు. కాని వీని వృత్తి వేరు. ఇవి పరలోకమున వెట్టిచేయుటకై నియమింపబడినవి.

నైలునది వరద తీసిన పిమ్మట కాలువల పూడిక తీయుటకును, గట్లు పోయుటకును ఈజిప్టు ప్రభుత్వము ప్రజలను నిర్బంధముగా పనికి పిలుచుచుండెను. మరణించినవారు చేరు 'రెల్లుపొలము'నందును దుక్కి, నీటితడి, ఇసుకమోత తప్పవని ఆ ప్రజల నమ్మకము. స్వర్గమును ఊహించునపుడు సైతము కాలువ పూడికను మరువలేని జాతి యది! అచటి పిలుపునకు రాజును, పురోహితుడును ఒక్కటే. అందుచే తనకు మారుగా పోవు ప్రతినిధిని వెంటగొనిపోవు ఉపాయము పుట్టెను. 'మృతుల గ్రంథము'నందలి ఆరవ అధ్యాయము ఇందులకైన మంత్రమే. యజమానిని పనికి పిలిచినంతనే తానున్నానని బదులు పలుకవలసినదిగా అందు బొమ్మకు ఆనతి. 'షబ్తి' యను పాత పేరునకు మూలమేమో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు గాని, తరువాతి 'ఉషబ్తి' రూపమునకు 'బదులు పలుకువాడు' అని యర్థము.

తొలి బొమ్మలు మైనపువి. క్రీ. పూ. 2000కు కొంచెము ముందు దైర్ అల్ బహరీ సమాధులలో మైనపు ఆకృతులను నారబట్టలో చుట్టి చిన్న పేటికలలో ఉంచిరి. పిమ్మట కొయ్యయు, రాయియు వచ్చినవి. పదునెనిమిదవ రాజవంశము నడిమి కాలమునుండి చేతులలో పారలు, వీపున గంప కానవచ్చును. ఒక మృతునికి ఒకటి రెండు బొమ్మలు మాత్రమే చాలిన దినములలో ముఖము తీర్చుటకు శిల్పికి తీరిక యుండెను. ఆ బొమ్మ సేవకుడు కాదు. యజమానుని రెండవ దేహము. దానిపై చెక్కినది యజమానుని పేరే.

ఈ స్థితిని మార్చినది ఫయాన్సు. ఇటలీలోని ఫాయెంజా పట్టణపు మట్టిపాత్రలనుబట్టి వచ్చిన యీ పేరు దీనికి తగినది కాదు. ఇందు మట్టి దాదాపు లేదు. పలుగురాతిని పొడి చేసి, కొంచెము సున్నము, నేట్రను అను చవుటి ఉప్పు లేక మొక్కల బూడిద, రంగునకు రాగి కలిపి నీటితో ముద్ద చేయుదురు. మట్టి అచ్చులో నొత్తి తీసి ఆరబెట్టుదురు. చవిటినేల ఎండినపుడు తెల్లని పొర పైకి తేలునట్లు, ముద్దలోని ఉప్పు ఉపరితలమునకు వచ్చును. కొలిమిలో ఆ పొరయే కరిగి గాజుపూత యగును. లోపల తెల్లని రేణువులు, పైన ఆకాశనీలము! ఈజిప్షియనులు దీనిని 'మెరయునది' యనిరి. ఇరువదియొకటవ రాజవంశపు దైర్ అల్ బహరీ బొమ్మల గాఢనీలమును, దానిపై నల్లని యక్షరములను ఒకమారు చూచినవారు మరువలేరు. నా కంటికి మాత్రము వీని ముఖములు పాత కొయ్యబొమ్మల ముఖములకు సాటిరావు.

అచ్చు వచ్చిన పిమ్మట సంఖ్య పెరిగెను. రాజుల విషయమున పెరుగుదల అంతకు ముందే కలదు: 1922లో కనుగొన్న టుటంఖామను సమాధిలో 413 బొమ్మలు. దినమున కొకటిగా 365, పదిమంది కొకడుగా మేస్త్రులు 36, నెలకొకడుగా పైవారు 12. సూడానులోని నూరీవద్ద టహర్కా రాజునకు రాతిబొమ్మలే వేయికి పైగా దొరకినవి. తరువాతి కాలమున సామాన్య పురోహితుడు సైతము 401 బొమ్మలతో పయనమయ్యెను. ఇరువదియొకటవ రాజవంశమునాటి మేస్త్రి బొమ్మ వేషము మారెను. శవవస్త్రము పోయి నడుమున పంచెయు, చేత కొరడాయు వచ్చినవి. కొరడా పట్టినవాడు కలిగినచోట తక్కినవారు యజమానుని ప్రతిరూపములు కాజాలరు గదా. రెండవ దేహము దాసుడయ్యెను.

దాసుడైనచో అతని ధర యెవరికి చెల్లవలెను? ఈ ప్రశ్న ఆ కాలపువారిని నిజముగా బాధించినది. ప్రధాన పురోహితుడు రెండవ పినెజెము భార్య నెస్‌ఖోన్సు నిమిత్తమై ఆమెన్ దేవుని ఆజ్ఞ యొకటి కొయ్యపలకలపై వ్రాయబడి లభించినది. ఆమె బొమ్మలకై ఫయాన్సు పనివాండ్రకు రాగి, బట్టలు, రొట్టెలు మొదలగు రూపముల నిచ్చినదంతయు బొమ్మలకే యిచ్చిన కూలిగా నెంచవలెనట. పనివాడు పుచ్చుకొనిన జీతమునకు బొమ్మ ఋణపడినదన్నమాట. బ్రిటిషు మ్యూజియములోని మరియొక పత్రము ఇరువదిరెండవ రాజవంశమునాటిది. ఆమెన్ ఆలయమున తాయెత్తులు చేయు శిల్పి 401 బొమ్మలను ఒక పురోహితునికి అమ్మి వ్రాసియిచ్చిన రసీదు అది. అవి దాసులును, దాసీలును అని చెప్పి, వెండి పూర్తిగా ముట్టినదని యొప్పుకొని, ఆ శిల్పి అంతటితో ఆగలేదు. కొనినవానినుండి బొమ్మలవైపునకు తిరిగి, త్వరగా పనికి పొండని, పిలిచినపుడెల్ల చేసెదమని పలుకుడని వానికే చెప్పినాడు.