చిరునవ్వుతో ధిక్కారం

కట్టుబాటు నచ్చకపోతే మనకు తెలిసిన దారులు రెండే. నోరు మూసుకుని సర్దుకుపోవడం, లేదా రాయి అందుకోవడం. మొదటిదానితో కట్టుబాటు అట్లాగే ఉంటుంది. రెండోదానితో కట్టుబాటూ ఉంటుంది, పగిలిన అద్దాలకు జరిమానా కూడా మన నెత్తినే పడుతుంది. వీటి మధ్య మూడో దారి ఒకటుంది. దాన్ని గురించి నాకు తెలిసినంతలో తోటి విద్యార్థులకు చెప్పాలనే ఈ ప్రయత్నం.

మాది వ్యవసాయ కుటుంబం. దుక్కిలో ఎద్దు మొండికేసి పడుకుంటే మా నాయన ములుకర్ర కోసం చూసేవాడు. మా తాత మాత్రం కాడి వదులు చేసి, గంగడోలు నిమిరి, "ఏం దొరా, ఇయ్యాల సెలవా?" అని అడిగేవాడు. అందరం నవ్వేవాళ్ళం. కాసేపటికి ఎద్దు లేచేది. ప్రతిసారీ లేచేదని చెప్పను. కానీ ములుకర్రతో లేచిన ఎద్దు మర్నాడు కాడిని చూస్తేనే బెదిరేది.

ఇదే సూత్రం చరిత్రలో పెద్ద ఎత్తున కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు వేలిముద్రలు వేసి పత్రాలు దగ్గర ఉంచుకోవాలన్న చట్టాన్ని గాంధీజీ 1906 నుంచి ఎదిరించారు. నేటాల్‌లో కూలి ఒప్పందం ముగిసిన వారిపై వేసిన 3 పౌన్ల పన్ను మరో అన్యాయం. ఆ కూలీలలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎదుటి పక్షంలో ఉన్నది జనరల్ స్మట్స్. గాంధీజీని జైలుకు పంపిన ప్రభుత్వంలో ఆయన ముఖ్యుడు. అయితే 1914 జనవరిలో తెల్ల రైల్వే కార్మికుల సమ్మెతో ఆ ప్రభుత్వం చిక్కుల్లో పడింది. అప్పుడు దెబ్బ తీయడం సులభం. గాంధీజీ మాత్రం తాము తలపెట్టిన యాత్రను ఆపేశారు. ఆ ఏడాదే పన్ను రద్దయింది, భారతీయ వివాహాలకు గుర్తింపు వచ్చింది. దేశం వదిలి వస్తూ గాంధీజీ తాను కుట్టిన చెప్పుల జతను స్మట్స్‌కు కానుకగా ఇచ్చారు. స్మట్స్ వాటిని చాలా ఏళ్ళు వేసుకుని, 1939లో గాంధీజీ 70వ జన్మదినానికి తిరిగి పంపారు. ఒకప్పుడు జైల్లో పెట్టిన మనిషి మీద అంతటి గౌరవం ఏ రాయితో వస్తుంది చెప్పండి?

దయ సంగతి ఇది. ఇక హాస్యం సంగతి చూద్దాం. పోలెండులో 1981 డిసెంబరులో సైనిక శాసనం విధించారు. గోడల మీద జనం నినాదాలు రాస్తే అధికారులు వాటిపై సున్నం పూసేవారు. వ్రోత్స్వాఫ్ నగరంలో ఫిడ్రిచ్ అనే యువకుడు, అతని మిత్రులు 1982లో ఆ సున్నపు మరకల మీద టోపీ పెట్టుకున్న మరుగుజ్జుల బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. నినాదం చెరిపితే అర్థముంది. మరుగుజ్జును చెరపాలంటే కారణమేం చెప్పాలి? వస్తువులకు కరువుగా ఉన్న 1987లో ఈ 'ఆరెంజ్ ఆల్టర్నేటివ్' వారు దారిన పోయేవారికి టాయిలెట్ కాగితం ఉచితంగా పంచారు. 1988 జూన్ 1న వేలాది మంది నారింజరంగు టోపీలతో వీధుల్లోకి వచ్చారు. ఇప్పుడు ఆ ఊరి వీధుల్లో వందలకొద్దీ చిట్టి మరుగుజ్జు విగ్రహాలున్నాయి.

ఇది ఎట్లా పనిచేస్తుంది? అధికారి ముందు రెండే మార్గాలుంటాయి. టోపీ పెట్టుకున్నందుకు పట్టుకుంటే నలుగురిలో నవ్వులపాలవుతాడు. వదిలేస్తే జనానికి భయం పోతుంది. రసాయనశాస్త్రంలో ఉత్ప్రేరకం లాంటిదన్నమాట. అది చర్యను వేగవంతం చేస్తుందే గాని, జరగడానికి వీల్లేని చర్యను జరిపించలేదు. పోలెండులో 1989 మార్పు వెనుక అసలు బలం సాలిడారిటీ కార్మికోద్యమానిది. మరుగుజ్జులు చేసింది భయాన్ని కరిగించడం.

ఇక మా సొంత కథ. నేనున్న ఒక హాస్టల్లో సాయంత్రం 7 గంటలకు గేటు మూసేవారు. ఆదివారం మా పల్లెల నుంచి వచ్చే ఆఖరి బస్సు 7:40కి గాని దిగదు. ఆలస్యానికి 50 రూపాయల జరిమానా. వేరుశెనగ పీకేటప్పుడు ఇంటికి వెళ్ళక తప్పదు కదా! మూడు వారాల్లో 150 రూపాయలు కట్టాను. అది మా అమ్మ పాలు పోసి దాచిన డబ్బు. నిజం చెప్పాలంటే గేటు దీపం పగలగొడదామన్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక మిత్రుడు ఆపాడు. పెళ్ళి శుభలేఖ రాద్దామన్నాడు. 'చిరంజీవి ఆఖరి బస్సునకు, చి.ల.సౌ. హాస్టల్ గేటునకు వివాహము. సుముహూర్తము: బస్సు వచ్చినప్పుడు. విందు: ఉడికించిన వేరుశెనగకాయలు. తాము బస్సులో తరలివచ్చి వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన.' ఆ ఆదివారం పద్నాలుగు మందిమి వాచ్‌మన్ తాతకు కాయలు పెట్టి, జరిమానా డబ్బు లెక్కగా కట్టి, బస్సు టిక్కెట్లు గుచ్చిన శుభలేఖ వార్డెన్ గారికి పంపాం.

ఆయన మమ్మల్ని పిలిపించారు. మొహం గంభీరంగా ఉంది. మాకు కాళ్ళాడలేదు. "పెళ్ళికి తరలిరాలేను గాని విడిది దగ్గర ఉంటాలే" అన్నారు. మరుసటి ఆదివారం గడియారం చూసుకుంటూ గేటు దగ్గరే నిలబడ్డారు. అప్పుడే మాకో సంగతి తెలిసింది. అంతకుముందు ఒక కుర్రవాడు రాత్రివేళ రోడ్డు మీద ప్రమాదానికి గురైతే, అతని తండ్రికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది ఈయనేనట. ఆ నియమం వెనుక పగ లేదు, భయం ఉంది. రాయి వేసుంటే ఆ మాట మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. టిక్కెట్టు చూపితే ఆదివారం 8:15 దాకా రానిస్తామన్నారు. కట్టిన జరిమానా మాత్రం తిరిగి రాలేదు.

ఈ దారికి కొన్ని షరతులున్నాయి. నవ్వు నియమం మీద ఉండాలి, మనిషి మీద కాదు. శిక్ష పడితే పారిపోకుండా భరించాలి. మేము జరిమానా ముందే కట్టింది అందుకే. నియమం ఎందుకు పుట్టిందో వినే ఓపిక ఉండాలి. ఆకలితో ఉన్నవాణ్ణి, దెబ్బ తిన్నవాణ్ణి "నవ్వుతూ అడుగు" అనడం మాత్రం అన్యాయం. అక్కడ గట్టిగా అడగవలసిందే.

కాని మన రోజువారీ తగాదాల్లో ఎన్ని అంత పెద్దవి? ఈసారి ఏ నోటీసుబోర్డు ముందైనా ఒళ్ళు మండితే, రాయి కోసం వంగే ముందు ఒక్క క్షణం మా తాత ఎద్దును తలుచుకోండి.

— తృతీయ బి.ఎస్‌సి. విద్యార్థి